నోరులేని రోగి

కుక్కకు ఒంట్లో బాగోకపోతే ఇల్లంతటికీ తెలుస్తుంది. మూలుగుతుంది, కాళ్ల దగ్గరికొచ్చి పడుకుంటుంది, మొహంలోకి జాలిగా చూస్తుంది. పిల్లి అలా కాదు. జబ్బు ముదిరేకొద్దీ మనిషికి దూరంగా జరుగుతుంది. మంచం కిందకో, బీరువా వెనక్కో, అటక మీదకో చేరి కళ్లు మూసుకుంటుంది. అడవిలో బతికిన రోజుల్లో నీరసం పైకి కనిపిస్తే మరో జంతువుకు ఆహారమైపోవాల్సిందే. ఇళ్లలో చేరి వేల ఏళ్లయినా ఆ జాగ్రత్త మాత్రం పోలేదు. అందుకే పిల్లి జబ్బు మనిషి కంటపడేసరికి చాలాసార్లు సగం కథ నడిచిపోయి ఉంటుంది.

విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో, ఓ ఇంటి మొదటి అంతస్తులో ఉండే పండు విషయంలోనూ అదే జరిగింది.

పండు... దోరమాగిన మామిడిపండు రంగు మగపిల్లి. 2011 వానాకాలంలో ఆ ఇంటి అమ్మాయి ఏడో తరగతి చదువుతుండగా, స్కూలు గోడ పక్కన తడిసి వణుకుతున్న పిల్లను క్యారియర్ సంచిలో పెట్టుకుని తెచ్చింది. ‘రెండ్రోజులుంచి ఎవరికైనా ఇచ్చేద్దాం’ అన్నాడు నాన్న. ఆయన బీమా ఏజెంటు. ఎవరికైనా ఏదైనా అంటగట్టగలనని నమ్మకం. పిల్లిని మాత్రం ఎవరికీ అంటగట్టలేకపోయాడు.

నాన్నమ్మ మొదట్లో అసలు ఒప్పుకోలేదు. పిల్లి ఎదురొస్తే వెనక్కొచ్చి కాసేపు కూర్చుని, గుక్కెడు మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరే తరం ఆవిడది. ఇంట్లోనే పిల్లి ఉంటే రోజుకు నలభైసార్లు ఎదురొస్తుంది. వారం రోజులు కూర్చుని లేచి, కూర్చుని లేచి విసుగెత్తి ‘ఇంట్లో పిల్లికి శకునం లేదులే’ అని ఆవిడే తీర్పు చెప్పేసింది.

ఆ ఏడాదే తాతయ్యకు డయాలిసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లేవారు. వెళ్లొచ్చిన రోజు దుప్పటి కప్పుకుని వణుకుతూ పడుకునేవారు. పండు వెళ్లి ఆయన పాదాల మీద ముడుచుకునేది. మూడేళ్లకు, 2014లో తాతయ్య పోయారు. ఆ మంచం నాన్నమ్మది అయింది. పండు మాత్రం తన చోటు మార్చుకోలేదు. కాళ్ల దగ్గరే.

అమ్మాయి చదువు అయింది, బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. సూట్‌కేసుతో అమ్మాయి వెళ్లిపోయింది, పిల్లి మిగిలింది. ఈ రోజుల్లో చాలా ఇళ్లలో జరిగేదే. పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్న జంతువులను ముసలితనంలో చూసుకునేది అమ్మానాన్నలే.

అటక మీద నాలుగు రోజులు

2022 చివర్లో పండు నీళ్లు ఎక్కువ తాగడం మొదలుపెట్టింది. తన గిన్నె ఖాళీ చేసి బాత్రూమ్ బకెట్ అంచు మీద ముందుకాళ్లు పెట్టి తాగేది. తులసి మొక్క కింద పళ్లెంలో నిలిచిన నీళ్లూ తాగేది. ఇసుక ట్రే రోజుకు రెండుసార్లు మార్చాల్సి వస్తోందని అమ్మ గమనించింది.

పిల్లి మామూలుగా నీళ్లు తక్కువ తాగే జంతువు. ఇంటి పిల్లుల పూర్వీకులు పశ్చిమాసియా ప్రాంతపు అడవిపిల్లులని 2007లో జన్యు పరిశోధనలు తేల్చాయి. ఆ పొడి నేలల్లో నీటి చుక్క కూడా విలువైనదే. అందుకే పిల్లి మూత్రపిండాలు నీటిని పొదుపు చేసి, మూత్రాన్ని బాగా చిక్కబరిచి పంపిస్తాయి. ఆ పొదుపు చేసే శక్తి తగ్గిపోతే మూత్రం పలచబడి నీరంతా బయటకు పోతుంది. పోయినదాన్ని పూడ్చుకోవడానికి పిల్లి తాగుతూనే ఉంటుంది. చూసేవాళ్లకు ‘బాగా నీళ్లు తాగుతోంది, మంచిదే’ అనిపిస్తుంది. నిజానికి అది లోపల నుంచి వస్తున్న మొదటి కబురు.

2023 సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలు. పిల్లల గోల, గాలిపటాలు, మేడ మీదకు పరుగులు. కొత్తవాళ్లు వస్తే పండు అటకెక్కడం ఎప్పుడూ ఉన్నదే. గిన్నెలో పెట్టింది పెట్టినట్టే ఉన్నా, రాత్రిళ్లు దిగి వంటింట్లో ఏదో తినే ఉంటుందనుకున్నారు. చుట్టాలు వెళ్లిన రోజు అమ్మ స్టూలు వేసుకుని అటక మీద నుంచి దించితే చేతిలో బరువే లేదు. చెవి లోపలి చర్మం పసుపు రాసినట్టుంది. చిగుళ్లూ అదే రంగు.

‘కామెర్లే’ అంది నాన్నమ్మ, కళ్లజోడు పెట్టుకోకుండానే.

ముందు తిననివ్వండి

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. గన్నవరం పశువైద్య కళాశాలలో చదువుకుంది. రక్తం తీసింది, స్కానింగ్ చేసింది, తూకం వేసింది. ఒకప్పుడు నాలుగున్నర కిలోలున్న పండు మూడు కిలోల రెండొందల గ్రాములకు వచ్చింది. క్రియాటినిన్ 3.9.

ఆ అంకె వినగానే నాన్న మొహం మారింది. ఆ ఇంట్లో క్రియాటినిన్ అన్న మాట కొత్తది కాదు. తాతయ్య ఫైలు నిండా అవే అంకెలు. పిల్లికి 1.6 దాటితేనే అనుమానించాలని, 2.9 నుంచి 5 వరకూ మూడో దశ అని, 5 దాటితే నాలుగోదీ ఆఖరుదీ అని డాక్టరమ్మ కాగితం మీద గీసి చూపించింది.

మనిషి మూత్రపిండంలో వడపోత గొట్టాలు సుమారు పది లక్షలుంటే, పిల్లికి సుమారు రెండు లక్షలే. పోయినవి మళ్లీ పుట్టవు. ఉన్నవే పోయినవాటి పని కూడా చేస్తూ వస్తాయి కాబట్టి, దాదాపు ముప్పాతిక వంతు శక్తి పోయేదాకా రక్తంలో క్రియాటినిన్ పెరగదు. అంతకన్నా ముందే పసిగట్టే ఎస్‌డీఎంఏ అనే పరీక్ష కొన్నేళ్లుగా అందుబాటులో ఉంది. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లికి ఏడాదికోసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించమని డాక్టర్లు చెప్పేది అందుకే.

పండుకు దానికి తోడు కాలేయం కూడా దెబ్బతింది. మూత్రపిండాలు వడకట్టని మలినాలు రక్తంలో చేరితే కడుపులో వికారం పుడుతుంది, తిండి సహించదు. పిల్లి మూడు నాలుగు రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయం మీదకు వచ్చిపడుతుంది. అంత కొవ్వును సర్దుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. కణాల్లో కొవ్వు పేరుకుపోయి పని మందగిస్తుంది. కామెర్లొస్తాయి, వికారం ఇంకా పెరుగుతుంది, తిండి ఇంకా తగ్గుతుంది. ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు రెండు జబ్బులూ తిరుగుతుంటాయి.

చిక్కు ఎక్కడంటే, ఈ రెండు జబ్బులకూ పథ్యం ఒకటి కాదు. మూత్రపిండాలకు ఫాస్ఫరస్, మాంసకృత్తులు తగ్గించిన తిండి మంచిది. కాలేయం కోలుకోవాలంటే కడుపు నిండా తినాలి, అందులో మాంసకృత్తులూ ఉండాలి. పైగా పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. టారిన్ అనే పోషకం అందకపోతే చూపు, గుండె దెబ్బతింటాయి. పెరుగన్నంతో నెట్టుకొచ్చే ప్రాణి కాదది.

‘మరి ఏం పెట్టమంటారమ్మా?’ అంది అమ్మ.

‘ఇప్పటికి ఏది తింటే అదే మందు ఆంటీ. ముందు తిననివ్వండి. పథ్యం సంగతి తర్వాత చూద్దాం’ అంది డాక్టరమ్మ.

నోటితో తినే ఓపిక పండుకు లేదు. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, కదలకుండా టేపు అంటించి, మెడకు అట్టముక్కతో గరాటులాంటి పట్టీ కట్టి పంపించారు. మూడు గంటలకోసారి పలచటి ఆహారం సిరంజితో మెల్లగా ఎక్కించాలి. తొందరపడితే వాంతి. పగలు అమ్మ, రాత్రి పన్నెండింటికీ మూడింటికీ నాన్న. పండును ఒళ్లో పట్టుకుని కూర్చునే పని నాన్నమ్మది.

పరామర్శకు వచ్చినవాళ్లు తలో సలహా ఇచ్చారు. కామెర్లకు నేల ఉసిరి పసరు పోయమన్నారు ఒకరు. ఒళ్లు కాలుతున్నట్టుంది, జ్వరం బిళ్ల సగం నీళ్లలో కలిపి పట్టమన్నారు మరొకరు. ఈ రెండో సలహా గురించి డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. మనం మంచినీళ్లలా వాడే పారాసిటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచి బయటకు పంపే ఎంజైము పిల్లి కాలేయంలో దాదాపు లేదు. ఒక్క బిళ్ల చాలు ప్రాణం తీయడానికి. మనిషి మందుల డబ్బాలోంచి ఏదీ సొంతంగా వేయకూడదు. ఉల్లి, వెల్లుల్లి వేసి వండినవీ పెట్టకూడదు. బొకేల్లో వచ్చే లిల్లీ పూల ఆకు కొరికినా, పుప్పొడి నాకినా మంచి మూత్రపిండాలు కూడా పాడవుతాయి.

పదకొండో రోజున అమ్మ చేపముక్కలు ఉడికించిన నీళ్లు గిన్నెలో పోసి ఊరికే పక్కన పెట్టింది. పండు ముక్కు గొట్టంతోనే వంగి రెండుసార్లు నాకింది. అమ్మ గట్టిగా పిలవడానికి కూడా భయపడి, నాన్నను చేత్తో సైగ చేసి రమ్మంది. ముగ్గురూ గుమ్మం దగ్గర నిలబడి చూశారు. ఆ రాత్రే బెంగళూరుకు ఫోను వెళ్లింది, ‘నాకిందే’ అని.

కామెర్లు పూర్తిగా పోవడానికి నెలన్నర పట్టింది. కాలేయం తేరుకుంది. మూత్రపిండాలు మాత్రం ఉన్నంతే ఉంటాయి, మెల్లగా తగ్గుతాయి. ‘బాగు చేయడం కాదండీ, బాగా ఉంచడం’ అని డాక్టరమ్మ ముందే చెప్పింది.

బీమా డైరీలో పిల్లి లెక్కలు

నాన్నకు ఏటా కంపెనీ వాళ్లిచ్చే డైరీలు రెండు మూడు మిగిలిపోతాయి. 2023 డైరీ ఒకటి పండుకు కేటాయించారు. పొద్దున ఎంత తింది, ఎన్ని నీళ్లు తాగింది, వాంతి అయిందా, ట్రేలో ఎన్ని ముద్దలు, ఆదివారం తూకం. పసిపిల్లలను తూచే కాటా ఒకటి కొన్నారు. పండు అందులో కూర్చోదు. కూరగాయల బుట్టలో పెడితే కూర్చుంటుంది. బుట్ట బరువు తీసేసి రాసేవారు.

నోరున్న రోగి అయితే ‘ఇవాళ కాస్త నయం’ అంటాడు. నోరులేని రోగి దగ్గర ఆ మాట ఈ లెక్కల్లోంచి ఏరుకోవాల్సిందే. రెండు వారాల్లో వంద గ్రాములు తగ్గితే మనిషికి లెక్కలో లేదు, మూడు కిలోల పిల్లికి అది పెద్ద కోత. ఒంటిని నాక్కోవడం మానేస్తే నోట్లో పుండ్లున్నాయేమో చూడాలి. తలుపు చప్పుడుకు తల తిప్పినా చూపు నిలవకపోతే బీపీ చూడాలి. మూత్రపిండాల జబ్బున్న పిల్లులకు బీపీ పెరిగి ఉన్నట్టుండి చూపు పోవడం ఉంది.

పండుకూ బీపీ వచ్చింది. ముందుకాలికి వేలంత పట్టీ చుట్టి చూశారు. రాసిచ్చిన మందు ఆమ్లోడిపిన్. చీటీ చూసి నాన్నమ్మ నవ్వింది. ఆవిడ పదేళ్లుగా వేసుకుంటున్న బిళ్లే అది. మోతాదు మాత్రం ఆవడ పక్కన ఆవగింజంత. అప్పట్నుంచి పొద్దున్నే ‘మా ఇద్దరి బిళ్లలూ తే అమ్మాయ్’ అని కోడల్ని కేకేయడం ఆవిడకు అలవాటైంది.

కిడ్నీ పిల్లుల కోసం అమ్మే ప్యాకెట్ తిండిని పండు మొదట వాసన చూసి, కప్పెట్టేస్తున్నట్టు నేలను గీకింది. రోజూ తినే చేపలో చిటికెడు కలిపి, వారానికి కాస్త పెంచుకుంటూ రెండు నెలల్లో అలవాటు చేశారు. కార్తీక మాసంలో ఆ ఇంట్లో నీచు వండరు. బాల్కనీలో చిన్న స్టవ్ మీద పండు చేప మాత్రం ఉడికేది. అమ్మ కాస్త సంకోచిస్తుంటే ‘కార్తీకం మనకు, దానికెందుకు? మొక్కు మనది, ఆకలి దానిది’ అంది నాన్నమ్మ.

ఉయ్యాల కొక్కేనికి సెలైన్ సీసా

అన్నిటికన్నా కష్టమైంది సెలైన్. రోజు విడిచి రోజు చర్మం కింద వంద మిల్లీలీటర్లు ఎక్కించాలి. ఆసుపత్రికి తీసుకెళ్తే ఆటో చప్పుడుకే పండు బుట్టలో మూత్రం పోసేసుకునేది. ఇంట్లోనే నేర్చుకోమంది డాక్టరమ్మ. అమ్మ చేతులు వణికాయి. ఇంజెక్షన్ సూది చూస్తే ఆవిడ మొహం పక్కకు తిప్పుకునే రకం. మొదటిసారి నాన్న పట్టుకున్నాడు, అమ్మ గుచ్చింది. సూది ఇటు గుచ్చితే అటు వచ్చి నీళ్లు చీర మీద కారాయి. నాలుగోసారికి కుదిరింది.

హాల్లో పాత ఉయ్యాల బల్ల కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. సీసా దానికి వేలాడదీసేవారు. ముందు వేడినీళ్ల గిన్నెలో ఉంచి గోరువెచ్చగా చేయాలి. భుజాల మధ్య వదులుగా ఉండే చర్మాన్ని గుడారంలా పైకి లాగి, ఆ మడతలో సూది పెట్టాలి. పది నిమిషాల్లో వీపు మీద ఒంటె మూపురంలా బుడగ లేస్తుంది. కొన్ని గంటల్లో ఒళ్లు దాన్ని పీల్చుకుంటుంది. గుండె జబ్బున్న పిల్లికి ఇదే నీరు ప్రమాదం కాబట్టి కొలత డాక్టరుదే, చెయ్యి మాత్రం ఇంటివాళ్లది.

కింది వాటాలో ఉండే ఇంటిగలావిడ ఒకరోజు అద్దె కోసం వచ్చి ఈ తతంగం చూసింది. ‘ఏమ్మా, పిల్లికి కూడా సెలైనా! మనుషులకే దిక్కులేదు’ అని నోరు నొక్కుకుంది. ఆవిడ ఒక్కతే కాదు, చాలామంది అన్నారు. నెలకు కరెంటు బిల్లు, గ్యాస్ బండ, కేబుల్ బిల్లు మూడూ కలిపినంత ఖర్చు అయ్యేది. అది తక్కువ డబ్బేం కాదు. నాన్న బండి మార్చుకోవాలనుకున్నది వాయిదా పడింది.

అమ్మ ఎవరితోనూ వాదించలేదు. ‘పన్నెండేళ్లు మన ఇంట్లో తింది. ఇప్పుడు తినలేనంటే బయట పెట్టమంటారా?’ అని ఒక్కసారి మాత్రం అంది, అదీ నాన్నతో, రాత్రి వంటిల్లు సర్దుతూ.

అలా 2023 గడిచింది. 2024 డైరీ మొదలైంది. పండు మళ్లీ కిటికీలో కూర్చుని పావురాలను చూసి పళ్లు టకటకలాడించింది. ఒకటి రెండుసార్లు బల్లిని కూడా పట్టింది. నాన్నమ్మ కాళ్ల దగ్గరి చోటు ఖాళీగా లేదు.

బుడమేరు వచ్చిన వారం

2024 ఆగస్టు ఆఖరి రోజు కుండపోత వాన. సెప్టెంబరు 1 ఆదివారం తెల్లారేసరికి బుడమేరు సింగ్ నగర్ మీద పడింది. కింది వాటాలు మునిగాయి. ఇంటిగలావిడ, భర్త, కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు తడిబట్టలతో మెట్లెక్కి పైకి వచ్చేశారు. రెండు గదుల వాటాలో తొమ్మిది మంది, ఒక పిల్లి. కరెంటు లేదు, మోటారు లేదు. వీధి నిండా నీళ్లు, తాగడానికి మాత్రం రెండు క్యాన్లు.

రెండో రోజుకు ఒక క్యాను అయిపోయింది. పడవలు పెద్దవీధి దాకా వచ్చి వెళ్తున్నాయి, లోపలి సందుల్లోకి రావడం లేదు. మనిషికింతని గ్లాసుతో కొలిచి పోయడం మొదలుపెట్టింది అమ్మ. ఈ ఇంట్లో అందరికన్నా ఎక్కువ నీళ్లు కావాల్సింది పండుకు. మూడు కిలోల ప్రాణి, తాగినదంతా బయటకు పోతుంది. నీళ్లు తగ్గిస్తే ఉన్న కాస్త మూత్రపిండమూ ఎండిపోతుంది. పసిపిల్లలు దాహమంటుంటే పిల్లి గిన్నెలో నీళ్లు ఎలా పోయడం? అమ్మ గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

నాన్నమ్మ తన గ్లాసులో సగం ఆ గిన్నెలో వంపేసింది. ఎవరూ ఏమీ అనలేదు.

నాన్న పక్క మేడ కుర్రాడి పవర్‌బ్యాంకుతో ఫోను బతికించుకుని డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. సెలైన్ సీసాలు రెండున్నాయంటే, ‘రోజు విడిచి రోజు కాకుండా రోజూ ఇవ్వండి. నోటితో తాగేది కొంత తగ్గినా తట్టుకుంటుంది. నీళ్లొచ్చేదాకా అలాగే కానివ్వండి’ అంది. మబ్బు పట్టిన సాయంత్రం, కరెంటు లేని హాల్లో, కొక్కేనికి సీసా కట్టారు. సెల్‌ఫోన్ లైటు పట్టుకుంది ఇంటిగలావిడ. సూది దిగేటప్పుడు పండు మ్యావ్ మంటే ఆవిడే ‘అయిపోయింది నాన్నా, అయిపోయింది’ అంది. 

మూడో రోజు మధ్యాహ్నం పడవ సందులోకి వచ్చింది. నీళ్ల సీసాలు, పాలప్యాకెట్లు, పులిహోర పొట్లాలు. పండు ఆ వారంలో రెండొందల గ్రాములు తగ్గింది. డైరీలో సెప్టెంబరు మొదటి వారం పేజీలు చెమ్మకు ఉబ్బి, సిరా పాకిపోయి ఉన్నాయి. అంకెలు మాత్రం కనిపిస్తాయి. ఒక్కరోజు కూడా రాయడం మానలేదు.

‘చాలు’ అనేదెవరు?

నవంబరులో క్రియాటినిన్ 6 దాటింది. డిసెంబరు మొదటి వారంలో 8.6. పండు నోట్లో పుండ్లు లేచాయి. దగ్గరికెళ్తే అదో రకం ఘాటు వాసన. చేప నీళ్లు చూపించినా మొహం తిప్పుకుంది. వాంతి మందు, సెలైన్, ఆకలి మందు అన్నీ ఇచ్చారు. ట్రే దాకా నడవలేక గుమ్మంలోనే ఆగిపోయింది. డైరీలో ‘తిన్నది’ అన్న చోట అమ్మ సున్నా చుట్టకుండా గీత గీసి వదిలేసింది, అయిదు రోజులు.

మళ్లీ గొట్టం వేయొచ్చా అని అడిగింది అమ్మ. వేయొచ్చు, కానీ అప్పటిలా కాదు అని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. అప్పుడు కాలేయానికి తేరుకునే దారి ఉంది. ఇప్పుడు మూత్రపిండాలకు లేదు. కొన్ని రోజులు పొడిగించవచ్చు, ఆ రోజులు దానికి ఎలా గడుస్తాయన్నదే ప్రశ్న. నిద్రపుచ్చే ఇంజెక్షన్ మాట కూడా అప్పుడే చెప్పింది. ముందు మత్తు ఇస్తారు, గాఢనిద్ర పట్టాకే రెండోది. నొప్పి తెలియదు. ‘ఇవాళే చెప్పక్కర్లేదు. ఆలోచించుకోండి’ అంది.

బెంగళూరు నుంచి అమ్మాయి రాత్రి బస్సెక్కి వచ్చేసింది. ఫోన్లో ‘ఇంజెక్షన్ ఇప్పించేద్దాం, బాధ పెట్టొద్దు’ అన్న పిల్ల, పండును ఒళ్లోకి తీసుకున్నాక ‘ఇంకో రెండ్రోజులు చూద్దాం’ అంది. నాన్న అటూ ఇటూ తేల్చలేకపోయాడు. ప్రాణం తీసే హక్కు మనకెక్కడిదని అమ్మ. ఆయుష్షు ఉన్నన్నాళ్లూ ఉంటుంది, పోయినప్పుడు పోతుంది, మన చేత్తో వద్దని ఆవిడ మాట. ఆ ఇంట్లో ఇలాంటి విషయం మీద అంతకుముందు ఎప్పుడూ గొంతులు లేవలేదు.

నాన్నమ్మ అంతసేపూ మాట్లాడలేదు. పండు తల కింద పాత చీరముక్క సర్దుతూ కూర్చుంది. అందరూ అలిసిపోయాక కొడుకు వైపు చూసి అంది.

‘మీ నాన్నగారు ఆఖరి వారం ఆసుపత్రికి బయల్దేరదీస్తుంటే ఇక చాలు, నన్ను తీసుకెళ్లొద్దన్నారు. గుర్తుందా? నోరుంది కాబట్టి అన్నారు. మనం విన్నాం. దీనికి నోరు లేదురా. ఆ చాలు అన్న మాట దీని తరఫున మనమే అనాలి. మనకు కష్టంగా ఉందని అనకుండా ఉంటే ఎలా?’

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి వచ్చి ‘రేపు పొద్దున రమ్మనండి. ఆసుపత్రికి వద్దు, ఆటోలో భయపడుతుంది. ఇంటికే రమ్మనండి’ అంది.

మర్నాడు పది గంటలకు డాక్టరమ్మ వచ్చింది. నాన్నమ్మ మంచం మీద, కాళ్ల దగ్గర, తనకు అలవాటైన చోటే పడుకుని ఉంది పండు. అమ్మ చెయ్యి దాని వీపు మీద ఉంది. రెండేళ్లుగా సూది గుచ్చిన చోటే, భుజాల మధ్య. పావుగంట కూడా పట్టలేదు.

పూడ్చడానికి చోటు ఎక్కడని నాన్న వెతుక్కుంటుంటే, ఇంటిగలావిడ పెరటి తలుపు తీసి ‘కరివేపాకు చెట్టు పక్కన మట్టి మెత్తగా ఉంటుంది’ అంది. పార కూడా ఆవిడే తెచ్చిచ్చింది.

ఆ తర్వాత చాలా రోజులు అమ్మకు మూడు గంటలకు మెలకువ వచ్చేది. లేచి చూస్తే చేయాల్సిన పనేమీ ఉండదు. సెలైన్ సీసాలు మూడు, సూదుల పెట్టె ఒకటి, సగం వాడిన తిండి ప్యాకెట్ ఆసుపత్రికి ఇచ్చేసింది. పనికొచ్చే వాళ్లకు ఇవ్వమంది.

2025 వేసవిలో డాక్టరమ్మ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. పాయకాపురంలో ఒకరి పిల్లికి ఇదే జబ్బు, సూది వేయడానికి భయపడుతున్నారు, ఒకసారి చూపిస్తారా అని. అమ్మ రెండు డైరీలూ సంచిలో పెట్టుకుని వెళ్లింది. వాళ్లది కొత్తగా పెళ్లయిన జంట. ఆ అమ్మాయి సీసా ఫ్రిజ్ పక్క నుంచి తీసి గబగబా కొక్కేనికి కట్టబోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

‘ఆగమ్మా, ముందు వేడినీళ్లలో పెట్టు. చల్లగా ఎక్కితే దానికి వణుకొస్తుంది. చలేస్తోందని అది నీకు చెప్పలేదు కదా.’